నాన్న చెప్పమన్నారు

మూడున్నరకి మొదలవుతుందని హిమజ పొద్దుట ఫోన్లో మూడుసార్లు చెప్పింది. నేను మూడింటి నుంచే టీవీ ముందు కూర్చున్నాను. రెండు నిమిషాలు ఆగే రైలుకి అరగంట ముందు స్టేషన్లో నిలబడే అలవాటు ఎక్కడికి పోతుంది. "చూసి ఫోన్ చెయ్యమ్మా. తిట్టాలనిపిస్తే తిట్టు. చెయ్యకుండా మాత్రం ఉండకు," అంది. తన పేరు మీద వస్తున్న మొదటి నాటిక, ఆదివారం అరగంట నాటిక, ప్రకటనలు కలుపుకుంటే ముప్పావుగంట. దేని గురించే అని అడిగితే ఒక భర్త పోయిన ఆవిడ గురించమ్మా అంది, ఫోను పెట్టేసే ముందు, మన ఇంటి గురించే అంది. అప్పట్నుంచీ భయం పట్టుకుంది. మన ఇంటి గురించి రాయడానికేముంది? పదిహేనేళ్ళు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోని ఇల్లు. మాటల్లేని ఇంటి మీద నాటికేమిటి, నాటికంటేనే మాటలు కదా. అయినా నా భయం అది కాదు. ఇంటి గుట్టు వీధిన పడుతుందనీ కాదు, ఆయన పోయి మూడేళ్ళయింది, వీధికి మా గుట్టు అక్కర్లేదు. అది చిన్నప్పుడు ఏం చూసిందో నాకు తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళతో మేమెలా కనిపించామో ఈవేళ నాకు కనిపించబోతోంది, అదీ భయం.

పక్కింటి కనకరత్నం గారు చేగోడీలు పట్టుకొచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వద్దనలేను కదా, అమ్మాయి నాటికని చెప్పుకున్నది నేనే. చేగోడీలు పోసిన గిన్నె మాదే, ఎప్పుడో నేనిచ్చిందే, దాని అంచున ఎవరో దంపతుల పేర్లుంటాయి చుక్కలు చుక్కలుగా. మాది స్టీలు సామాన్ల కొట్టు. ఆర్డరిచ్చి తీసుకెళ్ళనివీ, పెళ్ళి తప్పిపోయిన వాళ్ళవీ మా వంటింట్లోకి వచ్చేసేవి. పాతికేళ్ళు మేము ఊళ్ళోవాళ్ళ పేర్ల మీద అన్నం తిన్నాం. మా పేర్లు కొట్టిన గిన్నె మాత్రం ఇంట్లో ఒక్కటీ లేదు, అడిగితే కొట్టేవారేమో, అడిగే రోజుల్లో తోచలేదు, తోచిన రోజుల్లో మాటల్లేవు. ఇంతలో మొదలైంది. దండేసిన ఫోటో, దాని ముందు తెల్లచీరలో ఒకావిడ. ఈ కాలంలో తెల్లచీరెవరు కడుతున్నారే తల్లీ, మీ అమ్మ నైటీలో కూర్చుని చేగోడీలు తింటోంది చూడు. ఆవిడ నాకంటే పొడుగు, నాకంటే తెలుపు, వేసుకున్న బాధ కూడా నాకంటే బాగా నప్పింది. "అచ్చం మీలాగే ఉందండీ వదినగారూ," అన్నారు కనకరత్నం గారు. ఆవిడ మాట తీరే అంత, చావింటికెళ్ళినా శవం కళగా ఉందంటారు.

స్టీలు కొట్టుని బట్టల కొట్టు చేసేశారు. సరే. ఆయన వేషం వేసినాయన మీసాలు తిప్పుతున్నాడు, మా ఆయనకి మీసమే లేదు. అదీ సరే. కానీ పది నిమిషాలయ్యేసరికి ఆయనకి ఇంకొక ఆడమనిషిని అంటగట్టారు, ఆ ఆడమనిషి వల్లే పెళ్ళాంతో మాటలు మానేశాడట. కనకరత్నం గారు చేగోడీ నోట్లోనే ఉంచుకుని నా వైపు తిరిగారు. "ఛ ఛ, అదేం లేదండీ, టీవీ కోసం పెట్టుంటారు," అన్నాను. నా గొంతు నాకే వింతగా ఉంది, పదిహేనేళ్ళు నాతో మాట్లాడని మనిషి పరువు కోసం నేను వెనకేసుకొస్తున్నాను. ఊరంతటికీ అండీ, ఏవండీ, దయచేయండీ. కొట్లోకొచ్చిన పసిపిల్లని కూడా మీరు అనేవారు. కామరాజు గారి కొట్టంటే మర్యాదకి పెట్టింది పేరు, కొనకపోయినా పరవాలేదు కూర్చోండి అనే కొట్టు. ఇంట్లో ఈగల మోత బయట పల్లకీ మోత అంటారు, మా ఇంట్లో ఈగల మోత కూడా లేదు. అసలు సంగతి పెడితే ఎవరూ నమ్మరని పై వాళ్ళు మార్పించి ఉంటారు. నిజమే, ఎవరు నమ్ముతారు? రెండక్షరాల కోసం ఒక మనిషి పెళ్ళాంతో మాట్లాడ్డం మానేశాడంటే.

కొల్లేటి ఒడ్డున వెంకట్రాజు గారని, చేపల చెరువులున్నాయన, ఈయనకి ప్రాణస్నేహితుడు. ఆయన తండ్రి పోతే పెద్దకర్మకి పంచడానికి నూట ఇరవై స్టీలు డబ్బాలు చెప్పారు. పేర్లు కొట్టే కుర్రాడు మానేశాడు, ఈయనకి జ్వరం. నేను కొడతానన్నాను. మిషను పట్టుకోవడం నాకు వచ్చు, అక్షరం గుండ్రంగా వస్తుందని ఈయనే మెచ్చుకునేవారు, అప్పట్లో నా మొహం చూసి మెచ్చుకునేవారు. చీటీ మీద రెండు పేర్లున్నాయి, పోయిన తండ్రిదీ, పంచే కొడుకుదీ. పొయ్యి మీద పప్పు, ఒళ్ళో హిమజ ఎక్కాల పుస్తకం, చెవిలో ఈయన మూలుగు. నూట ఇరవై డబ్బాల మీదా కీ.శే. అన్నది తండ్రి పేరు ముందు కాక కొడుకు పేరు ముందు కొట్టేశాను. ఒకటి కాదు, రెండు కాదు, నూట ఇరవై. మూటలు కట్టి పంపేశాం. పంక్తిలో భోజనాలయ్యాక డబ్బా అందుకున్న ముసలాయనెవరో పైకి చదివాడట. వెంకట్రాజు గారు మర్నాడు మూటలు కొట్టు ముందు దింపి, "నేనింకా ఉన్నానండీ కామరాజు గారూ," అన్నారు, అంతే. కేకలేసినా బాగుండేది.

క్షమాపణకి ముగ్గురం వెళ్ళాం, కొత్త డబ్బాలతో. భీమడోలు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, చెరువుగట్ల మీదుగా, అటూ ఇటూ నీళ్ళు, చేపల మేత వాసన, గట్టు మీద గూడబాతులు బరువుగా లేచి బరువుగా వాలుతున్నాయి. వాళ్ళ వాకిట్లో ఈయన చేతులు జోడించి నిలబడ్డారు, వెంకట్రాజు గారి భార్య నాకు మజ్జిగిచ్చింది, నా మొహం చూడకుండా ఇచ్చింది. పోనిద్దురూ అన్నారు రాజుగారు, ఆ పోనిద్దురూలో ఏదీ పోలేదని అందరికీ తెలుసు. మళ్ళీ ఆయన మా కొట్టు గుమ్మం తొక్కలేదు. తిరుగు దారిలో ఆటోలో హిమజ మా మధ్యన కూర్చుంది. ఈయన వంగి దాని చెవిలో ఏదో చెప్పారు, అది నా వైపు తిరిగి, "అమ్మా, నాన్న నిన్ను ఇంక కొట్టుకి రాకుండా ఇంట్లో రెస్టు తీసుకోమంటున్నారు," అంది. అదీ మొదటి మాట. కోపం మహా అయితే మూడు రోజులుంటుందనుకున్నాను. మూడు రోజులు మూడు నెలలయ్యాయి, ఆ తర్వాత కోపం ఎప్పుడు పోయిందో, దాని చోట్లో అలవాటు ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరికీ తెలియదు. ఆయన ముందు గదిలో, నేను వంటింట్లో, మధ్యన పిల్లని పెట్టుకుని, మీ అమ్మతో చెప్పమ్మా, మీ నాన్నగారితో చెప్పవే. అది హైదరాబాదు చదువుకి వెళ్ళాక ఇంకా విచిత్రం, ఆయన కింద కొట్లోంచి దానికి ఫోన్ చేసేవారు, అది పైన వంటింట్లో ఉన్న నాకు చేసేది. పన్నెండు మెట్లు ఎక్కాల్సిన మాట హైదరాబాదు మీదుగా వచ్చేది.

అయినా ఆ మాటలు మంచి మాటలు. అదే చెప్తే ఎవరికీ అర్థం కాదు, నన్ను చూసి అయ్యో అంటారు గానీ నాకెప్పుడూ అంత అయ్యో అనిపించలేదు. వంకాయ కూర బాగుందన్నారమ్మా నాన్న. నెమలికంఠం రంగు చీర నీకు బాగుందన్నారమ్మా. మోకాళ్ళు నొప్పిగా ఉంటే మెట్లెక్కద్దన్నారు. మొహం చూడని మనిషి, కానీ చీర చూశారు. నాకది చాలేది. చాలేదేమిటి, ఆశపోతుని, చాలేది కాదు, ఆ మాట అందగానే చేతిలో పని ఆపేసి, "ఇంకేమన్నారే?" అనేదాన్ని. అది పైకి ఫాను వైపు చూసి, ఒక్క క్షణం ఆలోచించి, ఇంకొకటి చెప్పేది. గుర్తు తెచ్చుకుంటోందనుకునేదాన్ని. ఆ నెమలికంఠం చీర మంచీచెడ్డా అన్నింటికీ అదే కట్టాను, అంచు చిరిగితే అతుకు వేయించుకుని కట్టాను.

టీవీలో పిల్ల రెండు జడలేసుకుని గుమ్మంలో నిలబడింది. లోపల తండ్రి భోజనం చేస్తున్నాడు. "మీ అమ్మతో చెప్పు, ఈ కూర కుక్క కూడా ముట్టదని," అన్నాడు. పిల్ల వంటింట్లోకి నడిచింది, నాలుగడుగులు, ఆ నాలుగడుగుల సేపూ కెమెరా దాని మొహం మీదే ఉంది. తల్లి దగ్గర ఆగి, "కూర బాగుందన్నారమ్మా నాన్న," అంది. తెల్లచీర ఆవిడ, ఇప్పుడు రంగుచీరలో ఉంది, వెనక్కి తిరిగి, మొహమంతా వెలుగు చేసుకుని, "ఇంకేమన్నారే?" అంది. పిల్ల పైకి ఫాను వైపు చూసింది.

నా చేతిలో చేగోడీ ఎప్పుడు విరిగిందో తెలియదు. కనకరత్నం గారు నవ్వుతున్నారు, "అమ్మో, గడుసుపిల్లండీ," అంటున్నారు, ఆవిడకది నవ్వొచ్చే సీను. ఆ మొహం, ఆ వెలుగు. నా మొహం అలా ఉండేదా? తొమ్మిదేళ్ళ పిల్ల ముందు చెయ్యి చాపి నిలబడ్డ ముష్టిదానిలా ఉండేదా? మళ్ళీ ఇంకొక సీను, ఈసారి ఇటునుంచి అటు, తల్లి విసురుగా, "ఆయనకి పెళ్ళాం కావాలో వంటమనిషి కావాలో అడుగు," అంది. నేనన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా. పిల్ల వెళ్ళి, "వేణ్ణీళ్ళు తోడి ఉంచానంది అమ్మ," అని చెప్పింది. తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. అంటే అటు కూడా. ఆయన కూడా నేననని మాటలు తిని బతికారు. మేమిద్దరం ఎవరితో కాపురం చేశాం? ఒకసారి ద్వారకా తిరుమల మెట్ల మీద ఆయన పది మెట్లు ముందు నడుస్తుంటే, అమ్మా, నాన్న మెల్లిగా రమ్మన్నారు, నీకు ఆయాసమొస్తుందని, అంది ఇది. ఆ మాట పట్టుకుని నేను కొండ ఎక్కాను. ఆయన అనలేదు. చీర బాగుందని ఆయన అనలేదు. అతుకులేయించుకున్నాను కదా దాన్ని. దొంగపిల్లా, ఎంత పని చేశావే. కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది, లేచి బీరువా తీసి ఆ చీర లాగి దాని మొహాన కొట్టాలన్నంత. అది హైదరాబాదులో ఉంది. చీర నాఫ్తలీన్ ఉండల మధ్య మడత పెట్టి ఉంది.

నీకు తెలియదా పరమేశ్వరీ, అని నన్ను నేనే అడిగాను, నిజం చెప్పు, ఇక్కడెవరూ లేరు, కనకరత్నం గారు టీవీ చూస్తున్నారు. ఆ ఆటోలో ఆయన వంగి పిల్ల చెవిలో అన్న మాట నీకు వినబడలేదా? ఇంజను చప్పుడుంది, గాలి ఉంది, అయినా వినబడింది. దాని చేతుల్తో ఇంక నా కొట్లో దేన్నీ ముట్టుకోవద్దని చెప్పు. వినబడింది. పిల్ల ఇటు తిరిగి రెస్టు తీసుకోమన్నారంది. రెండు మాటల్లో ఏది కావాలో నేనే తీసుకున్నాను. ఆ తర్వాత పదిహేనేళ్ళూ నేను విననట్టే ఉన్నాను, అది మార్చనట్టే ఉంది. నేను ఇంకేమన్నారే అని అడిగినప్పుడల్లా ఆ పిల్ల బుర్రలో వెతుక్కుని ఇంకొకటి అల్లి ఇచ్చింది. రెండు పూటలా. బడినుంచొచ్చి పుస్తకాల సంచీ దింపకముందే. అది కథలు రాస్తోందంటే ఎక్కడ నేర్చుకుందో అనుకునేదాన్ని.

ప్రకటనలొచ్చాయి. సబ్బు, వంటనూనె, మళ్ళీ సబ్బు. నాకు ఏలూరు సీను రావాలి, రాకూడదు. చీర పోతే పోయింది, కొండ పోతే పోయింది. నాకు మిగిలినదొక్కటే మాట ఉంది, ఆ మాట కూడా ఇదే తెచ్చింది. ఆయనకి ఊపిరాడక ఏలూరు ఆసుపత్రిలో వేశారు. హిమజ వచ్చి లోపల కూర్చుంది, నేను రెండు రోజులూ పొద్దున్నే పాసింజరు ఎక్కి భీమడోలూ దెందులూరూ పవర్‌పేటా లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, బయట బల్ల మీద కూర్చుని, సాయంత్రం తిరిగొచ్చాను. లోపలికి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు. పిలవకుండా వెళ్ళి ఎదురుగా నిలబడితే ఆయన మొహం తిప్పేసుకుంటే, ఆఖరి చూపు అదైపోతే, ఆ భయం. మూడోనాడు మధ్యాహ్నం హిమజ తలుపు తీసుకుని బయటికొచ్చి, "నాన్న నిన్ను రమ్మంటున్నారమ్మా," అంది. ఆరోజు మాత్రం నేను ఇంకేమన్నారే అనలేదు. చెప్పులక్కడే వదిలేసి పరిగెట్టాను. మొహానికి మాస్కు, పైన కళ్ళు. కళ్ళు నన్ను చూశాయి, తిప్పుకోలేదు. చెయ్యి పట్టుకున్నాను. ఆయన వేలు నా అరచేతిలో కదిలింది, చుక్క చుక్కగా, పేర్లు కొట్టేటప్పుడు కదిలినట్టు. నా పేరే అనుకున్నాను. ఏ అక్షరమూ నాకు అందలేదు, అయినా నా పేరే అనుకున్నాను. ఇంట్లో నా పేరు కొట్టిన గిన్నె లేని లోటు ఆ రోజుతో తీరిందనుకుని మూడేళ్ళుగా బతుకుతున్నాను. ఆయన రమ్మనకపోతే, ఆ వేలు దేనికి కదిలినట్టు? వదలమనా?

ఆసుపత్రి వచ్చింది. మంచం, మాస్కు, మీసాలాయన. పక్కన పిల్ల, ఇప్పుడు పెద్దదయింది, వేరే అమ్మాయి. తండ్రి కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదవులు కదిలాయో లేదో మాస్కు వెనక ఏం తెలుస్తుంది. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, లేచి, తలుపు తీసుకుని బయటికొచ్చింది. బల్ల మీద తల్లి తలెత్తింది. అమ్మాయి నోరు తెరిచింది. బొమ్మ అక్కడే ఆగిపోయింది. పేర్లు పడ్డాయి, రచన హిమజ అని మొట్టమొదట. "అదేంటండీ, ఏం చెప్పిందో చెప్పకుండా ఆపేశారు?" అన్నారు కనకరత్నం గారు కళ్ళొత్తుకుంటూ, కాస్త కోపంగా. ఏడ్చింది దండగైపోయిందన్న కోపం. గిన్నె తర్వాత పట్టుకెళ్తానని చెప్పి ఆవిడ వెళ్ళారు.

ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక్క మాట అడిగితే చాలు. హిమా, నాన్న నిజంగా రమ్మన్నారా? అది ఈసారి అబద్ధం చెప్పదు. చెప్పదలుచుకోలేదు కాబట్టే నాటిక రాసింది, నోరు తెరిచి ఆగిపోయింది అందుకే, అడుగమ్మా చెప్తాను అని. ఆడిన అబద్ధాలన్నీ అరగంటలో ఊరందరి ముందూ పోసుకుని అది అక్కడ ఫోను పట్టుకుని కూర్చుని ఉంటుంది, తొమ్మిదేళ్ళప్పుడు గుమ్మంలో నిలబడ్డట్టు. మోసి మోసి దాని వీపు వంగిపోయి ఉంటుంది. మాకిద్దరికీ నోళ్ళున్నాయి, దేవుడిచ్చిన నోళ్ళు. దాని నోరు వాడుకున్నాం.

మొదటి రింగుకే ఎత్తింది. "అమ్మా," అంది. ఊపిరి వినబడుతోంది.

"చూశానే. బాగుంది," అన్నాను.

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. పోయింది. నాన్నకి మీసాలు పెట్టావేమిటే?"

నవ్వబోయి నవ్వలేకపోయింది. "నాన్నకి తెలిసుంటే ఏమనేవారోనమ్మా. అన్నీ మార్చేశాను. మీ ఇద్దరూ మాట్లాడుకోకపోవడానికి నేనే కారణమేమో అనిపిస్తుంది. నేను మార్చకపోతే ఏదో ఒక రోజు కొట్టుకునైనా మాట్లాడుకునేవాళ్ళు." అది ఏడుస్తోంది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల, ఉద్యోగం చేస్తున్న పిల్ల, చిన్నప్పుడు ఏడ్చినట్టే, చప్పుడు రాకుండా.

అడగాల్సిన మాట నాలుక చివర ఉంది. మింగేశాను. "నాన్నకి తెలుసే," అన్నాను. "ఆరోజు ఏలూరులో చెప్పారు నాతో. పిల్ల మాటలు మార్చి చెప్పేది, నాకు మొదట్నుంచీ తెలుసు, దాన్నేమీ అనకు, తప్పంతా మనది, అన్నారు. నీతో చెప్పమన్నారు. నేనే మూడేళ్ళుగా నోరు పెగలక ఊరుకున్నాను."

అవతల హైదరాబాదు రోడ్డు మీద ఏదో హారను.

"మాస్కు ఉంది కదమ్మా ఆయనకి," అంది మెల్లిగా.

"నర్సు కాసేపు తీసింది."

కొత్తగా దొంగతనానికి వెళ్ళినదానిలా ఉంది నాకు. ఇంత కష్టమా ఇది? దీన్ని ఆ పిల్ల రోజుకి రెండు పూటలా చేసిందా? ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. తర్వాత దాని గొంతు, చిన్నగా, ఆత్రంగా, నాకు బాగా తెలిసిన గొంతు, నా గొంతే.

"ఇంకేమన్నారమ్మా?"

నేను తలెత్తి ఫాను వైపు చూశాను.